ఆసామి విశ్వాసం, గూడెం విశ్వాసం

ఒక ఆదివారం ప్రకాశం జిల్లాలో ఒక గూడెం చర్చిలో వెనక వరుసలో కూర్చున్నాం. ఆ రోజు వాక్యం విశ్వాసం మీద. ప్రసంగం చేసినాయన పట్నం నుంచి వచ్చాడు. గొంతు బాగుంది, మనిషి కూడా మంచివాడే. మధ్యలో కుక్కను ఉదాహరణగా తెచ్చాడు. యజమాని కొట్టినా కాళ్ల దగ్గరే పడుంటుంది, కూడు పెట్టినా పెట్టకపోయినా గుమ్మం వదలదు, దేవుడి పట్ల మన విశ్వాసం అట్లా ఉండాలి అన్నాడు. జనం ఆమెన్ అన్నారు. మా పక్కనున్న ముసలాయన మాత్రం అనలేదు. బయటికొచ్చాక ఎందుకని అడిగాం. "మా నాయన్ని ఆసాములు అట్టనే మెచ్చుకునేవోళ్లయ్యా, ఈడు ఇశ్వాసం గల కుక్క అని. ఆ మాట ఇంటే ఒళ్లు మండుద్ది" అన్నాడు.

ఆ ముసలాయనకు ఒళ్లెందుకు మండిందో చెప్పటమే ఈ వ్యాసంలో మేము చేయదలచుకున్న పని. దళిత క్రైస్తవుల గురించి మన పత్రికల్లో చర్చ వచ్చినప్పుడల్లా అది రిజర్వేషన్ దగ్గర మొదలై రిజర్వేషన్ దగ్గరే ఆగిపోతున్నది. అది అవసరమైన చర్చే, దాని దగ్గరికి మేమూ వస్తాం. కానీ లక్షలాది మంది మాలమాదిగలు తరాలుగా తమను తాము 'విశ్వాసులం' అని పిలుచుకుంటున్నారు. ఆ మాటకు వాళ్ల బతుకులో అర్థమేమిటన్నది పాదిరీలకు వదిలేయాల్సిన విషయం కాదు. అభ్యుదయవాదులమనుకునే మనం ఆ మాట వినగానే మత్తుమందు అని కొట్టిపారేసి చేతులు కడుక్కోవటం కూడా సరికాదు.

ముందు ఆ మాటనే చూద్దాం. తెలుగులో విశ్వాసం అనేది క్రైస్తవం రాకముందు నుంచీ యజమానికీ సేవకుడికీ మధ్య నడిచిన మాట. విశ్వాసపాత్రుడు, విశ్వాసఘాతకుడు, ఉప్పు తిన్న విశ్వాసం, ఇవన్నీ పెట్టేవాడి చేతికీ తినేవాడి నోటికీ సంబంధించినవి. నమ్మకం అనే మాట తీసుకున్నా అంతే. నమ్మినబంటు, నమ్మకద్రోహి. 'నమ్మినబంటు' పేరుతో 1960లో సినిమా కూడా వచ్చింది. గమనించాల్సిందేమంటే ఈ మాటలు ఎప్పుడూ ఒకవైపే నడుస్తాయి. జీతం ఎగ్గొట్టిన ఆసామిని ఎవరూ విశ్వాసం లేనివాడు అనరు. ఆ తిట్టు ఏడాది మధ్యలో పని మానేసిన పాలేరుకే. కాబట్టి 'క్రీస్తునందు విశ్వాసముంచుట' అని తెలుగులో చెప్పినప్పుడు, చెప్పినవాళ్లు అనుకున్నా అనుకోకపోయినా, విన్న మాదిగవాడికి అందులో రెండు సంగతులు వినబడి ఉంటాయి. ఒకటి కొత్త దేవుణ్ణి నమ్మటం. రెండోది యజమానిని మార్చటం.

ఇది తెలుగుకే ప్రత్యేకం కాదు. కొత్త నిబంధన గ్రీకులో ఉన్న 'పిస్తిస్' అనే మాట కూడా రోమా సామ్రాజ్యంలో నమ్మకానికీ, పైవాడి పట్ల విధేయతకూ కలిపి వాడిన మాటే. ప్రభువు అనే బిరుదు చక్రవర్తిది. సిలువ మీద చంపబడ్డ ఒక వడ్రంగిని ప్రభువు అనటమంటే చక్రవర్తికి ఇవ్వాల్సిన విధేయతను తీసి ఇంకొకరికి ఇవ్వటం. మొదటి తరం క్రైస్తవులకు విశ్వాసం ఎంత ప్రమాదమో, ఒంగోలు తాలూకాలో మొదటి తరం మాదిగ క్రైస్తవులకూ అంత ప్రమాదమయింది.

ఆ చరిత్ర కొంచెం వివరంగా చెప్పుకోవాలి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. మిషను చరిత్రలన్నీ ఆయన్ని మధ్యలో నిలబెట్టి రాసినవే. కానీ ఆయన ఒంగోలులో కుదురుకోక ముందే తాళ్లకొండపాడు మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల బేరానికి తిరుగుతూ క్రీస్తు సంగతి విన్నాడు. 1866లోనే బాప్తిస్మం తీసుకుని, దొర ఊళ్లోకి రాకముందే తనవాళ్లకు చెప్పుకున్నాడు. పేరయ్య అంతకుముందే గురువుల దగ్గర యోగం నేర్చినవాడు. ఇదేదో చీకట్లో ఉన్నవాడికి తెల్లదొర దీపం చూపించిన కథ కాదు. వెతుకుతున్నవాడు వెతుకుతూ వెతుకుతూ ఒకచోట ఆగాడు. క్లౌ భార్య ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ 1899లో మాదిగల గురించి వేసిన పుస్తకంలో ఈ వెతుకులాట కొంత కనిపిస్తుంది. వాళ్లను చూసే చూపులో దొరసానితనం ఉన్నా, ఆ ఒక్క సంగతికైనా మన విద్యార్థులు దాన్ని చదవాలి.

బాప్తిస్మం అడిగినవాళ్లకు క్లౌ పెట్టిన షరతులు మూడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వేదాంతులు ఈ మూడింటిని చూసి ఇది విశ్వాసమా, నియమావళా అంటారు. అంబేద్కర్ 1936లో కులనిర్మూలన గురించి రాస్తూ సూత్రాల మతానికీ నియమాల మతానికీ తేడా చెప్పాడు గదా, ఇది రెండో రకం అని మనమూ అనొచ్చు. కానీ ఊరి వ్యవస్థలో పెట్టి చూస్తే ఈ మూడు నియమాల పని వేరు. మాదిగవాడికి ఊళ్లో స్థానం ఇచ్చినవి ఆ పనులే. చచ్చిన గొడ్డును ఈడ్చాలి. ఆ తోలుతో కపిల బొక్కెనలూ చెప్పులూ కుట్టాలి. జాతరలో డప్పు కొట్టాలి. పిలిస్తే ఏ రోజైనా పోవాలి. దానికి కళ్లం దగ్గర మేర కొలుస్తారు. ఇప్పుడు మాదిగవాడు వారంలో ఒక రోజు రాను అన్నాడు. మీ దేవతకు డప్పు కొట్టను అన్నాడు. వారంలో ఒక రోజు తన ఒళ్లు తనది అనటం వెట్టి ఊళ్లో చిన్న విషయం కాదు.

ఊరు దాన్ని సరిగ్గానే అర్థం చేసుకుంది. క్లౌ జ్ఞాపకాలతో 1914లో వచ్చిన పుస్తకంలో ఆ కక్ష వివరాలున్నాయి. చాకలిని బట్టలుతకొద్దన్నారు. కుమ్మరిని కుండలమ్మొద్దన్నారు. పశువుల్ని ఊరి బీట్లోంచి తోలేశారు. పంట రోజుల్లో రావాల్సిన గింజలు ఆపేశారు. ఆసాములకు త్రిత్వ సిద్ధాంతం మీద అభ్యంతరమేమీ లేదు. మాదిగవాడు ఇంట్లో కూర్చుని ఏసును తలుచుకుంటే ఊరికి నష్టం లేదు. ఆదివారం రాను అన్నప్పుడు నష్టం. అంటే ఆ విశ్వాసం ఏమిటో పాదిరీ కంటే ముందు ఆసామికి తెలిసింది. వీడి విశ్వాసం మన దగ్గర్నుంచి ఇంకెక్కడికో పోయింది, వీడు విశ్వాసఘాతకుడు!

ఒంగోలు చుట్టూ ఉన్న పైకులాల పెద్దలు మొదట్లో మిషను పట్ల సుముఖంగానే ఉన్నారు. మాదిగల్ని చేర్చుకుంటే మేము రామన్నారు. అప్పుడు క్లౌ, ఆయన మొదటి భార్య వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం వచ్చిందనీ, లోకం నీచులనుకున్నవాళ్లనే దేవుడు ఎన్నుకున్నాడని కొరింథీయులకు పౌలు రాసిన మాటలవనీ ఆ పుస్తకంలో ఉంది. మిషను సభల్లో ఇప్పటికీ దీన్ని దేవుడి నడిపింపుకు సాక్ష్యంగా చెబుతారు. అట్లా జరిగిందేమో, కాదనటం మా పని కాదు. మేమడిగేది వేరు. ఆ రోజు పైకులాలను వదులుకోవటానికి దొర నమ్మకం ఎంత అవసరమయిందో, చాకలీ కుమ్మరీ బీడూ గింజలూ వదులుకోవటానికి మాదిగల నమ్మకం అంతకంటే ఎంత ఎక్కువ కావాల్సి వచ్చింది? ఒంగోలు చరిత్రను 'క్లౌ దొర విశ్వాసం' అని పిలవటం మానేసి, ఆ రెండో సంగతిని మధ్యలో పెట్టి రాసినవాళ్లు చాలా తక్కువ.

తరవాత ధాత కరువు వచ్చింది. 1876-78 మధ్య జనం పిట్టల్లా రాలిపోయారు. క్లౌ బకింగ్‌హామ్ కాలవలో కొన్ని మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని కూలి ఇప్పించాడు. కూడు కోసం చేరతారేమోనన్న అనుమానంతో ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఇచ్చే పని ముగిశాకే మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపిల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. పిండికీ పాలకీ మతం మార్చుకున్నారని ఇప్పటికీ మనవాళ్లను ఎద్దేవా చేసేవాళ్లు ఈ క్రమాన్ని గుర్తుపెట్టుకోవాలి. ఆ మాటకొస్తే కరువులో కూలీ గంజీ చూపించిన వైపు జనం చూడటంలో తప్పేముంది? ఆకలి లేనివాడి విశ్వాసమే స్వచ్ఛమైనదనే సిద్ధాంతం కడుపునిండినవాళ్లు చేసింది. ప్రార్థన నేర్పమని శిష్యులు అడిగినప్పుడు ఏసు నేర్పిన నాలుగు మాటల్లో ఆ రోజు రొట్టె కూడా ఉంది.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. డప్పు కొట్టనన్నప్పుడు మాదిగవాడు వెట్టిని కాదన్నాడు, నిజమే. కానీ చర్చి దాన్ని వెట్టి అని చెప్పలేదు, దయ్యాల పని అని చెప్పింది. గొడ్డు మాంసం విషయంలోనూ అంతే. బలవంతపు చావుకూడు వద్దనటం వేరు, మా తిండే మురికి అని మా చేతనే అనిపించటం వేరు. ఆత్మగౌరవం, సిగ్గు ఒకే నియమం వెంట ఇంట్లోకి వచ్చాయి. 1994లో ఈదుముడి నుంచి మాదిగ దండోరా లేచినప్పుడు ఏ డప్పునైతే తాతలు విశ్వాసం పేరుతో దింపారో అదే డప్పును మనవలు ఆత్మగౌరవం పేరుతో భుజానికెత్తుకున్నారు. వాళ్లలో చాలామంది బాప్టిస్టులే. తాతలు చేసింది తప్పని మేమనం, మనవలు చేసింది విశ్వాసభ్రష్టత్వమనీ అనం. కొట్టమని ఆజ్ఞాపించినప్పుడు దింపారు, తమకోసం కొట్టుకోవాలనుకున్నప్పుడు ఎత్తారు. ఇందులో వైరుధ్యం మాకు కనిపించటం లేదు. చర్చి పెద్దలకు మాత్రం ఇప్పటికీ కనిపిస్తున్నది.

ఎందుకంటే మధ్యలో చర్చి మారిపోయింది. స్కూళ్లు, ఆస్పత్రులు, స్థలాలు, కోర్టు కేసులు వచ్చాయి. దొరలు పోయాక ఆ కుర్చీల్లో మనవాళ్లే కూర్చున్నారు, కొన్నిచోట్ల మనవాళ్ల మీద రెడ్లూ కమ్మలూ కూర్చున్నారు. కతోలిక సంఘంలో దళితుడు కార్డినల్ కావటానికి 2022 దాకా ఆగాల్సి వచ్చింది. ఈ క్రమంలో విశ్వాసం అనే మాట మెల్లగా పాత ఇంటికి తిరిగిపోయింది. సంఘంలో లెక్కలడిగితే అవిశ్వాసి. పాస్టరు మాట కాదంటే అవిశ్వాసి. బిడ్డ జబ్బు తగ్గకపోతే తల్లి విశ్వాసం చాలలేదు. చివరిది మాకు అన్నిటికంటే క్రూరంగా కనిపిస్తుంది. ఆసామి కనీసం జబ్బుకు పాలేరుదే తప్పు అనలేదు.

పుస్తకంలో ఏముందో చూద్దాం. సువార్తల్లో ఏసు విశ్వాసాన్ని మెచ్చుకున్న సందర్భాలు మరీ ఎక్కువేం లేవు. వాటిలో రెండు చాలు. మార్కు సువార్తలో పక్షవాతం మనిషిని నలుగురు మోసుకొస్తారు. జనం దారి ఇవ్వరు. వాళ్లు ఇంటి పైకెక్కి కప్పు విప్పి మంచాన్ని దించుతారు. ఏసు 'వారి' విశ్వాసం చూశాడని ఉంది. రోగి విశ్వాసం గురించి అక్కడ ఒక్క మాట లేదు. మోసినవాళ్లది, కప్పు విప్పినవాళ్లది. తరతరాలుగా ఊరి బరువులు మోసిన మనవాళ్లకు ఈ కథ వేరుగా వినపడాలి. కానీ మేము విన్న ప్రసంగాల్లో ఇది ఎప్పుడూ రోగి పాపక్షమాపణ గురించే, కప్పు గురించి ఎవరూ మాట్లాడరు.

రెండోది కనాను స్త్రీ కథ. మార్కు ఆమెను సురోఫెనికయ స్త్రీ అంటాడు. కూతురికి బాగాలేదని వస్తుంది. పరాయి జాతి. శిష్యులు పంపించెయ్యమంటారు. ఏసు కూడా పిల్లల రొట్టె కుక్కలకు వేయటం తగదంటాడు. ఇది తిట్టే, ఎవరెంత సర్దిచెప్పినా తిట్టే. ఆమె ఆ మాటనే పట్టుకుని, బల్ల కింద పడ్డ ముక్కలు కుక్కలూ తింటాయి గదా అని ఎదురు చెబుతుంది. మత్తయి సువార్తలో ఆమె విశ్వాసం గొప్పదని ఏసు ఒప్పుకుంటాడు. మా పట్నం ప్రసంగీకుడు ఆ రోజు కుక్కను తెచ్చింది ఈ కథలోంచే. ఆయనకు కుక్క కనిపించింది గానీ ఎదురు చెప్పిన ఆడమనిషి కనిపించలేదు. అక్కడ గొప్పదన్నది పడుండటాన్ని కాదు. పొమ్మన్నా పోకుండా, తిట్టిన మాటతోనే వాదించి, తన బిడ్డకు రావాల్సింది రాబట్టుకోవటాన్ని.

అట్లాంటి ఆడవాళ్లు గూడెం చర్చిల్లో ఉన్నారు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలకు పోతే తెలుస్తుంది. సాక్ష్యం చెప్పమంటే కూలికి పోయే తల్లులు లేచి నిలబడి అప్పు గురించి, తాగే మొగుడి గురించి, కూలి ఎగ్గొట్టిన మేస్త్రీ గురించి నలుగురిలో చెబుతారు. దేవుణ్ణి నువ్వు అని పిలిచి, ఎందుకు ఊరుకున్నావయ్యా అని నిలదీస్తారు. ఊళ్లో ఎక్కడా వాళ్ల మాట వినే సభ లేదు. ఆ సాక్ష్యాల్ని స్తోత్రంతో ముగించమని పెద్దలు తొందరపెడతారు గానీ, స్తోత్రానికి ముందు వచ్చే ఆ పది నిమిషాల ఫిర్యాదే మాకు విశ్వాసంలా వినిపిస్తుంది. వినేవాడొకడు ఉన్నాడని, వాడు జవాబు చెప్పాలని నమ్మకపోతే ఎవరైనా ఎందుకు ఫిర్యాదు చేస్తారు?

సాహిత్యంలో ఈ ఫిర్యాదును జాషువా చేశాడు. 1941 నాటి 'గబ్బిలం'లో అరుంధతీసుతుడు తన గోడు శివుడి చెవిన వేయమని గబ్బిలాన్ని పంపుతాడు. తనకు లేని గుడి ప్రవేశం దానికుంది. క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు శివుడికి ఎందుకు మొరపెట్టుకున్నాడని మన దళిత విమర్శకుల్లో కొందరు నొచ్చుకున్నారు. హిందూ చట్రం దాటలేదన్నారు. మేము ఒప్పుకోం. ఆ గోడులో దండం కంటే నిలదీత ఎక్కువ. ఎవరి పేరు మీద తలుపు మూశారో వాళ్లకే నోటీసు పంపాడు. జాషువాకు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు 1964లో 'క్రీస్తు చరిత్ర'కు వచ్చింది. విశ్వాసం అంటే ఏమిటో ఆ కవి దగ్గర నేర్చుకోవాలంటే మాత్రం మేము క్రీస్తు పేరున్న పుస్తకం కంటే గబ్బిలం దగ్గరికే పోతాం.

దళిత వేదాంతం అనే ఆలోచన 1981లో బెంగుళూరులో అరవింద్ నిర్మల్ ప్రసంగంతో మొదలయింది. నిర్మల్ ద్వితీయోపదేశకాండంలోని ఒక విశ్వాస ప్రకటన తీసుకున్నాడు. పండిన పంట బుట్ట తెచ్చిన రైతు తన పూర్వీకుడు దిక్కులేని దేశదిమ్మరి అని, తాము బానిసలమని చెప్పుకోవాలి. అంటే విశ్వాసం చెప్పటమంటే ముందు మీ తాత ఎవరో చెప్పటం. ఇది చాలా పెద్ద మాట. మాల అని, మాదిగ అని చర్చిలో పలకటమే పాపమనే వాళ్లకు ఇంతకంటే జవాబు లేదు. కానీ నిర్మల్ వేదనను మధ్యలో పెట్టాడు. దేవుడు బాధపడే దేవుడు, సేవకుడైన దేవుడు అన్నాడు. సేవకుడు అనే మాట దగ్గర మాకు మళ్లీ ఆ ముసలాయన ముఖం గుర్తొస్తుంది. వేదన మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. గుండ్లకమ్మ దగ్గరి జనం వేదనతోనే ఆగలేదు, రాము అన్నారు. 1985లో కారంచేడులో ఆరుగురిని చంపాక మాదిగలు తిరిగి ఊళ్లోకి పోము అని చీరాలలో చర్చి ఆవరణలో శిబిరం వేసుకున్నారు. విశ్వాసం గురించి రాసే వేదాంతులు ఈ 'రాము', 'పోము' అనే మాటల దగ్గర మొదలుపెట్టాలి.

ఇక చట్టం సంగతి. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులూ ముస్లింలూ బయటే ఉన్నారు. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలను బీసీ-సిలో పెట్టి ఒక శాతం ఇచ్చారు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఆ పేరా తీసెయ్యమంది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2009లో ఒకసారి, 2023లో ఇంకోసారి తీర్మానం చేసింది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒకావిడ కేసులో, బాప్తిస్మం తీసుకుని చర్చికి పోతూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పటం రాజ్యాంగాన్ని మోసం చేయటమేనంది. 2025లో మన హైకోర్టు, కులం పేరుతో తిట్టారని కేసు పెట్టిన ఒక పాస్టరుకు అత్యాచారాల చట్టం వర్తించదంది. క్రైస్తవంలో కులం లేదు గదా అన్నది వాదన.

ఇక్కడ విశ్వాసానికి కోర్టు ఒక శక్తిని అంటగట్టింది. బాప్తిస్మంతో కులం పోతుందట! ఇంత విశ్వాసం మా చర్చిల్లో కూడా ఎవరికీ లేదు. శ్మశానాలు వేరు, పెళ్లిళ్లు వేరు, మాలల సంఘం వేరు, మాదిగల సంఘం వేరు. తిట్టినవాళ్లు ఆ పాస్టరును బాప్తిస్మం అయిందా అని అడిగి తిట్టలేదు. హిందూ దళితుడికి గుడికి పోతున్నావా, ఏ దేవుణ్ణి ఎంత నమ్ముతున్నావని ఏ తాసిల్దారూ అడగడు, నాస్తికుడైనా సర్టిఫికెట్టు వస్తుంది. క్రైస్తవుడి గుండెలో మాత్రం చెయ్యి పెట్టి చూస్తారు. మా క్లాసుల్లో ఉన్న పిల్లల్లో ఎంతోమంది స్కూలు రికార్డులో హిందూ, ఆదివారం విశ్వాసి. వాళ్లను మోసగాళ్లంటున్నారు. కె. విల్సన్ 1982లోనే దళిత క్రైస్తవులు రెండుసార్లు పరాయివాళ్లయ్యారని ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశాడు. ఆ లెక్క ఇప్పుడు రెండు దాటింది.

రెండు పేర్లతో బతకటం గొప్ప విషయమని మేమనం. దానిలో భయం ఉంది, అబద్ధం ఉంది, ఇంట్లో తల్లి ప్రార్థనకు తలొంచి ఆఫీసులో తలొంచుకోవాల్సిన సిగ్గు ఉంది. కానీ ఆ అబద్ధాన్ని పుట్టించింది మూడో పేరా. అది తీసెయ్యమని హిందూ దళిత మిత్రులు మాతోపాటు అడగాలి. ఉన్న వాటా పంచుకోవాల్సి వస్తుందన్న వాళ్ల భయాన్ని మేము తక్కువ చేయం, వాటా పెంచమనే మాట కలిపే అడగాలి.

ఒంగోలు ప్రాంతం మాదిగ బాప్టిస్టుల గురించి మేము ఎక్కువ రాశాం. గుంటూరు లూథరన్ మాలల అనుభవం, కడప వైపు లండన్ మిషను గూడేల అనుభవం, ఈ మధ్య ప్రతి పేటలో లేస్తున్న ప్రార్థనా మందిరాల సంగతి వేరుగా ఉండొచ్చు. ఆదివారం రాను అన్నవాళ్ల కథలు మీ ఇళ్లలో ముసలివాళ్లకు గుర్తుంటాయి. విద్యార్థి మిత్రులు అవి రాసి పంపితే వచ్చే సంచికల్లో ఈ చర్చ సాగిద్దాం. మేము చెప్పింది తప్పయితే అదీ రాయండి.